ఎడమ పేజీలో బంద్, కుడి పేజీలో పళ్లెం

1969 జూన్, నాలుగో ఆదివారం. సాయంత్రం ఐదున్నర. స్థలం: చందానగర్ బజారు వెనక సందులో మా గది. హాజరైనవారు: నేను. గదిలో రెండో మంచం మీద ఉండే డెల్టా. మా ఫోర్‌మన్ సాబ్. ఇంటి యజమానురాలు పెద్దమ్మ. ఫోర్‌మన్ సాబ్ గారి రికార్డు ప్లేయర్, పేరు బేగం. మా రికార్డు ప్లేయర్, ఇంకా పేరు పెట్టలేదు. వాన సూచన లేదు.

ఆ రోజుల్లో నేను మనుషులకే కాదు, యంత్రాలకూ హాజరు వేసేవాణ్ణి. ఇరవై మూడేళ్ల వయసులో, లోకంలో కొలవలేనిదంటూ ఏదీ లేదని నాకు గట్టి నమ్మకం. పొద్దున టీ ఎన్ని గుక్కల్లో అయిపోయిందో రాసుకున్న పేజీలు కూడా ఉన్నాయి (సగటున పదకొండు, చలికాలంలో తొమ్మిది). డైరీలో నాకొక పద్ధతి ఉండేది. ఎడమ పేజీ లోకానికి, కుడి పేజీ నాకు. బంద్‌లు, రైళ్లు ఆగడాలు, ఊళ్లో ఎవరింట్లో ఏం జరిగింది, ఇవన్నీ ఎడమ వైపు. నా పని, నా ఆరోగ్యం, నా యంత్రం కుడి వైపు. ఈ రెండింటినీ కలిపితే మనిషి ఆలోచన గందరగోళమవుతుందని మా చిన్నప్పటి లెక్కల మాస్టారు చెప్పారు. ఆయన మాట నేను అక్షరాలా పాటించాను. ఆయన ఏ సందర్భంలో చెప్పారో మాత్రం ఆలోచించలేదు.

ఇదంతా ఇప్పుడు గుర్తు రావడానికి కారణం మా రాయదుర్గం టవర్లో పై అంతస్తు అబ్బాయి. కడప వైపువాడు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, మంచివాడు. మొన్న ఫోనులో రెండు పాత రికార్డు ప్లేయర్ల బొమ్మలు చూపించాడు. ఒకటి యాభై ఏళ్ల కిందటి బరువైన విలాయతీ సరుకు. దాని ధర చెప్పేటప్పుడు అతని గొంతు తగ్గింది. రెండోది అదే వయసుది, చౌకది, ప్లాస్టిక్ ఎక్కువ. "అంకుల్, ఈ చౌకది కొనుక్కొని పళ్లెం, మోటారు, ముల్లు మార్చేస్తే ఆ పెద్దదానికి దగ్గరగా వస్తాదా? లాభమా నష్టమా, ఒక్క మాటలో చెప్పండి అంకుల్, మీటింగ్ ఉంది" అన్నాడు. "నష్టం" అన్నాను. తేలికపడి లిఫ్టు ఎక్కాడు. ఒక్క మాటలో జవాబు నిజంగా అదే. మిగతా మాటలు ఇవి.

లింగంపల్లి దాటాక ఉన్న పెద్ద కర్మాగారంలో మేమిద్దరం ఒకే నెలలో చేరాం. అక్కడ తయారయ్యేవి తిరిగే యంత్రాలు, ఏనుగంత బరువైనవి. వాటి చక్రాలు ఏ వైపూ ఒక్క తులం ఎక్కువ తూగకుండా సరిచూసే విభాగంలో నేను, మోటార్ల విభాగంలో వాడు. నాది సిద్దిపేట వైపు. వాడిది కృష్ణ సముద్రంలో కలిసే చోటు. అందుకని డెల్టా అని పేరు పెట్టాను. వాడు నన్ను డైరీ అనేవాడు. పెద్దమ్మ అద్దెకిచ్చిన గదిలో రెండు మంచాలు, ఒక బల్ల ఫ్యాను, ఒక బల్బు, వాడి రేడియో, నా డైరీలు. పెద్దమ్మకు సందు చివర పిండి గిర్ని ఉండేది. మా గదికీ గిర్నికీ కరెంటు ఒకే తీగ మీద వచ్చేది. ఈ వాక్యాన్ని పాఠకులు గుర్తుపెట్టుకోవాలని మనవి. మేం గుర్తుపెట్టుకోలేదు.

అది తెలంగాణ ఉద్యమం రగులుతున్న ఏడాది. కాలేజీలు మూతపడ్డాయి, వారంలో ఒకటి రెండు రోజులు బంద్. నేను మనసా వాచా ఉద్యమం వైపే. సాయంత్రాలు ఊరేగింపులకు పోయి గొంతు పోగొట్టుకుని వచ్చేవాణ్ణి. డెల్టా నాకు ఉప్పునీళ్లు కాచి ఇచ్చేవాడు. "పుక్కిలించరా. రేపు మళ్లీ నన్ను పొమ్మని అరవాలి కదా" అనేవాడు. "నిన్ను కాదురా, మీవోళ్లను" అంటే, "అయితే నీ రాష్ట్రం నీకొచ్చాక ఈ మంచం ఎవరిది? మంచం ఇక్కడి ముల్కీయా, నాన్ ముల్కీయా? ముందే తేల్చు" అనేవాడు. (2014లో రాష్ట్రం వచ్చిన పొద్దున మొదటి ఫోను వాడిదే. "శుభాకాంక్షలు. మంచం సంగతి ఇంకా తేల్చలేదు నువ్వు" అన్నాడు.) ఒకసారి బజారులో ఉద్యమ సభ పెడితే మైకు గరగరమని మొరాయించింది. చుట్టుపక్కల దాన్ని బాగుచేయగలవాడు డెల్టా ఒక్కడే. పిలిస్తే పోయి, అరగంట కూర్చుని, తీగలు అతికించి వచ్చాడు. ఆ మైకులోంచే వక్త "వాపస్ పోవాలె!" అని గర్జించాడు. గదిలో కూర్చుని విన్న డెల్టా సంతృప్తిగా తలూపాడు. "చూశావా, 'స' ఎంత స్పష్టంగా పలుకుతోందో."

ఈ సరదా మే నెల మొదట్లో ఒకరోజు ఆగిపోయింది. పాన్ డబ్బా దగ్గర "ఒక అగ్గిపెట్టె ఇవ్వండి" అన్నాడట. పక్కన నిలబడ్డ ఎవడో "గా అండీలు గిండీలు మీ దిక్కు వోయి అనుకో" అన్నాడట. అంతే జరిగింది. ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. కానీ ఆ తరువాత డెల్టా బజారులో నోరు తెరవడం మానేశాడు. కావలసినవి చీటీ మీద రాసి దుకాణదారుకు చూపించేవాడు. చీటీలో కూడా "ఇవ్వండి" అని రాసి, 'ండి' కొట్టేసేవాడు. పదిహేను రోజులకు వాళ్ల నాన్న దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది: ఊరికి దగ్గర్లో చక్కెర మిల్లులో ఉద్యోగం మాట్లాడాను, జూలై మొదటి తారీఖుకల్లా వచ్చి చేరు. డెల్టా ఆ రాత్రే రాజీనామా కాగితం రాసి, మడత పెట్టి, ట్రంకు పెట్టెలో పైన పెట్టాడు. ఆ వయసు మగపిల్లలకు "పోవద్దురా" అనే మాట నోట్లోంచి రాదు. దానికి బదులుగా నేను "మరి రికార్డు ప్లేయర్?" అన్నాను.

ఆ రికార్డు ప్లేయర్ కథ అంతకు రెండు నెలల ముందు మొదలైంది. మా ఫోర్‌మన్ సాబ్ పాతబస్తీ మనిషి, సంగీతం పిచ్చి. ఏదో నవాబుల దేవిడీ ఖాళీ చేస్తుంటే కొన్న ఇంగ్లాండు రికార్డు ప్లేయర్ ఒకటి ఆయన దగ్గర ఉండేది. దాన్ని బేగం అనేవారు. దాని మీద దుమ్ము దులపడానికి వాళ్లావిడకు కూడా అనుమతి లేదు. పాత సామాన్లు అమ్మే జుమ్మెరాత్ బజార్‌లో మేం కొన్న సూట్‌కేసు రకం చవక ప్లేయర్ గురించి చెబితే ఆయన చాలాసేపు నవ్వారు. దాని పళ్లెం పూరీ అంత పల్చన, మోటారు దోమలా గుయ్యిమంటుంది. "దీన్నే మార్చి బేగం అంత మంచిగ జేస్తం సాబ్" అన్నాను. "అరె మియా, టట్టు మీద అరబ్బీ జీను ఏస్తే గుర్రమైతదా? జీను వోతది, టట్టు గూడ వోతది" అన్నారు. కర్మాగారంలో మేం పనిచేసే షాపులో, అందరి ముందూ అన్నారు. డెల్టాకు పౌరుషం వచ్చింది. "పోటీ పెట్టండి సాబ్. ఒకే రికార్డు, ఒకే రేడియోలోంచి, ఒకదాని తరువాత ఒకటి. మాది సరితూగితే షాపులో అందరి ముందూ మీరే ఒప్పుకోవాలి" అన్నాడు. ఓడితే మేం నా డైరీలో ఆయన ఎదుటే ఓటమి రాసి సంతకాలు పెట్టాలి. ఆయన చెయ్యి కలిపారు.

తిరిగే దాన్ని గురించి మాకు తెలిసినంత ఆ చుట్టుపక్కల ఎవరికీ తెలియదని మా గర్వం. బొంబాయి రోడ్డు మీద పాత ఇనుము అంగట్లో ఒక బరువైన ఇనుప చక్రం కొన్నాం. దాన్ని లేతు మీద సాపు చేయిస్తే ఎనిమిది కిలోల పళ్లెం తయారైంది. బరువు ఎంత ఎక్కువైతే తిరగడం అంత నిలకడగా ఉంటుందని మా సిద్ధాంతం. ఆ బరువును దోమ మోటారు కదపలేదు. మే నెల, మిట్ట మధ్యాహ్నం, గదిలో ఉన్న ఒక్క బల్ల ఫ్యానునూ విప్పి డెల్టా దాని మోటారు పెట్టాడు. (ఆ నెల కుడి పేజీల్లో చెమట మరకలున్నాయి. చుట్టూ గీత గీసి 'చెమట' అని రాసి పెట్టాను.) అదురు లేకుండా అడుగున రాతి బండ కావాలన్నాను. రాయదుర్గం గుట్టల్లో రాళ్లు కొట్టేవాళ్ల దగ్గర ఒక పలక అడిగి తెచ్చాం. అప్పుడక్కడ బండలు, సీతాఫలం పొదలు, పొద్దుగూకితే నెమళ్ల కేకలు. సైకిలు మీద నేను నడుపుతూ, వాడు వెనక కూర్చుని బండను పసిపిల్లలా ఒళ్లో పెట్టుకుని చందానగర్ చేరేసరికి వెనక చక్రం ఎనిమిదిలా వంగింది. పెద్దమ్మ గుమ్మంలో నిలబడి చూసి, "ఏంది బిడ్డా, ఫ్యాను వీకిండ్రు, బండ దెచ్చిండ్రు. పాట ఇనేటందుకేనా, గోరి గట్టేటందుకా?" అంది.

ఇక మిగిలింది పళ్లెం తూకం సరిచూడటం. అది నా విద్య. రెండు కత్తి అంచుల మీద ఇరుసు ఆనించి పళ్లెం వదిలితే, బరువు ఎక్కువున్న వైపు తిరిగి కిందికి వచ్చి ఆగుతుంది. దానికి ఎదురు వైపు చిన్న సీసం చుక్క అతికించాలి. మళ్లీ వదలాలి. ఏ వైపు వదిలితే ఆ వైపే కదలకుండా నిలబడేదాకా ఇలా చేస్తూ పోవాలి. డెల్టా ఉత్తరం చూసినప్పుడు ఈ పని నడుస్తోంది. వాడు తన మనసులో మాట ఒకటే చెప్పాడు: "పారిపోయాడని ఎవడూ అనకూడద్రా. ఈ పోటీ గెలిచి, షాపులో ఫోర్‌మన్ సాబ్ చేత అనిపించుకుని, మర్నాడు పొద్దున ఆయన చేతికే కాగితం ఇచ్చి పోతాను. గెలిచి పోతాను." అంటే యంత్రం తయారైతే డెల్టా పోతాడు. తయారు కానన్నాళ్లూ ఉంటాడు. తిరిగే యంత్రాల్ని సరిచేయడానికే జీతం తీసుకుంటున్న నాకు, జీవితంలో మొదటిసారి ఒక చక్రం సరిగ్గా తిరగకూడదనిపించింది.

తరువాత ఏం చేశానో ఇక్కడ చెప్పను. ఎందుకంటే అప్పుడూ ఎవరికీ చెప్పలేదు. డైరీకి మాత్రం చెప్పాను. పైకి కనిపించింది ఏమిటంటే, ప్రతి వారం "ఇంకా బ్యాలెన్సు కాలేదురా" అనేవాణ్ణి. డెల్టా ఒక కన్ను మూసుకుని, ఇరుసుకు ముక్కు ఆనించి, "నిన్న సరిపోయిందిగా! ఇవాళ ఇటు దిగుతోందేవిట్రా?" అని తల పట్టుకునేవాడు. "ఇనుము గదా, ఎండకు పెరుగుతది" అని నేను శాస్త్రం చెప్పేవాణ్ణి. ఇలా నాలుగు ఆదివారాలు గడిచాయి. చివరికి వాడి కళ్ల కింద నల్లటి చారలు చూసి నాకే సిగ్గేసింది. జూన్ రెండో వారంలో పళ్లెం సరిపోయిందని ఒప్పుకున్నాను.

వేగం సరిచూడటానికి ఒక చారల కాగితం ఉంటుంది. దాన్ని తిరిగే పళ్లెం మీద పెట్టి బల్బు వెలుతురులో చూస్తే, వేగం సరిగ్గా ఉన్నప్పుడు చారలు కదలకుండా నిలబడ్డట్టు కనిపిస్తాయి. మేం చూశాం; నిలబడ్డాయి. నాలుగు వేరు వేరు రోజులు చూశాం; నాలుగుసార్లూ నిలబడ్డాయి. డ్యూటీ ఉన్న రోజు ఇంటికి చేరేసరికి చీకటి పడేది, పెద్దమ్మ పెందలాడే పడుకునేది, పాట పెట్టనిచ్చేది కాదు. కాబట్టి సెలవు దొరికినప్పుడే పరీక్షించాం. నాలుగూ నమోదు చేశాను. పోటీ రోజు మరోసారి చూద్దామా అని డెల్టా అడిగితే, "నమోదైనదాన్ని మళ్ల చూసుడంటే డైరీని అవమానించుడే" అన్నాను. ఇప్పటికీ ఆ వాక్యం తలచుకుంటే చెవులు వేడెక్కుతాయి.

ఆ ఆదివారం ఫోర్‌మన్ సాబ్ బేగంను దుప్పటి కప్పి రిక్షాలో కొత్త పెళ్లికూతుర్ని తెచ్చినట్టు తెచ్చారు. పెద్దమ్మ కాస్త ఆలస్యంగా వచ్చి గుమ్మంలో పీట వేసుకుంది. చీర నిండా పిండి. "బంద్ బంద్ అని వారం సంది గిర్ని బందు. ఊరంత జొన్నలు వట్టుకొని కూసున్నరు. అందుకే ఆయితారమైనా ఇయ్యాల దెరిచిన. మా మరిది జొన్నలు వోస్తుండు. కానియ్యుండ్రి, పాట వెట్టుండ్రి" అంది. ముందు బేగం. ఒక ఆడగొంతు భక్తిగీతం, మెల్లగా, తీగ సాగినట్టు సాగే పాట. బేగం నల్లటి చేయి రికార్డు మీద వాలిన శబ్దం కూడా రాలేదు. పాట వచ్చి గదిలో కూర్చుంది. అయిపోయాక ఫోర్‌మన్ సాబ్ కళ్లు తుడుచుకుని, "ఇగ మీ టట్టును దేండ్రి" అన్నారు.

డెల్టా ట్రంకు మీద బండ, బండ మీద మా యంత్రం. మీట నొక్కాడు. ఎనిమిది కిలోల పళ్లెం ఒక్క అదురు లేకుండా తిరగడం మొదలుపెట్టింది. ముల్లు వాల్చాడు. నిజం చెప్పాలి: మొదటి చరణం బేగంకు ఏ మాత్రం తీసిపోలేదు. ఫోర్‌మన్ సాబ్ కనుబొమలు పైకి లేచాయి. డెల్టా నా వైపు చూశాడు. ఆ చూపులో గెలుపుంది, దాని వెనకే ట్రంకు పెట్టె ఉంది. నేను నవ్వుదామనుకున్నాను, ముఖం సహకరించలేదు. అప్పుడే రెండో చరణం మొదట్లో ఆ ఆడగొంతు మెల్లగా బరువెక్కింది. ఇంకాస్త దిగింది. చూస్తుండగానే మీసాలున్న గొంతయింది. "హరీ" అన్న చోట బావిలోంచి ఎవరో పెద్దాయన మూలిగినట్టు వచ్చింది. మేం నోరు తెరిచే లోపలే గొంతు పైకెక్కి మళ్లీ ఆడమనిషయింది. ఊపిరి పీల్చుకునే లోపల మళ్లీ దిగిపోయింది.

"అయ్యో, గా పిల్లకు సర్దయిందా ఏంది బిడ్డా?" అంది పెద్దమ్మ.

డెల్టా రబ్బరు పట్టీ చూశాడు. నేను ఇరుసు చూశాను. వాడు ముల్లు చూశాడు, నేను స్పిరిట్ లెవెల్ తెచ్చి బండ మీద పెట్టాను. ఇద్దరం మోకాళ్ల మీద కూర్చుని, తలలు ఢీకొట్టుకుంటూ వెతుకుతున్నాం. పెద్దమ్మ మాత్రం పైకి చూస్తోంది. "నెత్తి మీద సూడరేంది? మీ పాట గుంజినప్పుడల్ల కరెంటు బుగ్గ గూడ మస్కవడుతున్నది. గిర్నిల జొన్నలు వోసిండ్రన్నట్టు. జొన్నలొడిసినయంటే ఎలుగొస్తది, పాటొస్తది" అంది. అప్పుడు విన్నాం. సందు చివర్నుంచి గిర్ని దడదడ. జొన్నలు పడ్డప్పుడు ఆ దడదడ బరువెక్కుతోంది, మా బల్బు ఎర్రబడుతోంది, ఫ్యాను మోటారు నీరసిస్తోంది, గాయనికి మీసాలొస్తున్నాయి. ఎవరి జొన్నలో అయిపోగానే అన్నీ మామూలవుతున్నాయి. "బేగంకెందుకు కాలేదు మరి?" అన్నాను ఏడుపు గొంతుతో. "బేగం మోటారు కరెంటు జోరును సూసి నడవదు బిడ్డా, కరెంటు తాళాన్ని సూసి నడుస్తది. అందుకే ఆమె బేగం. మీది ఫ్యాను. గాలిచ్చేటిది" అన్నారు ఫోర్‌మన్ సాబ్.

"కానీ నాలుగుసార్లు సరిపోయింది సాబ్! రాసిన!" అన్నాను. ఆయన చెయ్యి చాపారు. "ఏదీ, నీ డైరీ దే. ఎట్లయినా సంతకాలు వెట్టాలె గదా." ఇచ్చాను. ఇవ్వకుండా ఉండాల్సింది. కళ్లజోడు పెట్టుకుని, ముందు ఎడమ పేజీ, తరువాత కుడి పేజీ, ఎవరూ ఎప్పుడూ చదవని వరసలో పైకి చదవడం మొదలుపెట్టారు.

"ఎడమ దిక్కు: బంద్. గిర్ని మూసి ఉంది. కుడి దిక్కు: చారలు నిలబడ్డాయి, వేగం అద్భుతం." పేజీ తిప్పారు. "ఎడమ: ఆదివారం, గిర్ని లేదు. కుడి: వేగం అద్భుతం." పేజీ తిప్పారు. "ఎడమ: బంద్. పెద్దమ్మ గిర్ని నడవక దిగులుగా ఉంది. కుడి: వేగం అద్భుతం, అద్భుతం. రెండుసార్ల రాసిండు." పెద్దమ్మ పమిట నోట్లో కుక్కుకుంది. ఆయన ఇవాళ్టి పేజీకి వచ్చారు. "ఎడమ: ఇవాళ గిర్ని తెరుస్తారట. కుడి: యంత్రం సిద్ధం, గెలుపు ఖాయం." కళ్లజోడు పైనుంచి నన్ను చూశారు. "రెండు పేజీల నడుమ ఇంత సందు లేదు బిడ్డా. నువ్వు గోడ గట్టినవ్." డెల్టా కూడా నవ్వాడు. నెలన్నరలో వాడు నవ్వడం అదే మొదటిసారి. ఆ నవ్వు చూసి నేనూ నవ్వాను. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. ఫోర్‌మన్ సాబ్‌కు ఊపు వచ్చి వెనక్కి, మే నెల పేజీల్లోకి పోయారు. నేను డైరీ కోసం చెయ్యి చాపేసరికి ఆలస్యమైంది.

"ఎడమ: డెల్టా రాజీనామా రాశాడు." ఆయన గొంతు తగ్గింది, కానీ అలవాటుగా కుడి పేజీకి కళ్లు పోయాయి, నోరు చదివేసింది. "కుడి: పళ్లెం బ్యాలెన్సు అయిపోయింది. డెల్టా స్నానానికి వెళ్లినప్పుడు సీసం చుక్క ఒకటి గీకేశాను. ఇంకో వారం గడుస్తుంది." తరువాతి ఆదివారం: "చుక్క గీకాను." తరువాతి ఆదివారం: "చుక్క గీకాను. పాపం, చాలాసేపు వెతికాడు."

గిర్నిలో ఎవరి జొన్నలో అయిపోయినట్టున్నాయి. బల్బు వెలుతురు ఒక్కసారి నిండుగా వచ్చింది. నా ముఖం దాచుకోవడానికి అది మంచి సమయం కాదు. డెల్టా నా వైపు తిరిగాడు. "నువ్వా గీకింది" అన్నాడు. "నాలుగు వారాలు నా కళ్లు పోయాయి కదరా. ఇనుము ఎండకు పెరుగుతుందని చెప్పావు కదరా." నేను "ఇనుము నిజంగనే పెరుగుతదిరా" అన్నాను. వాడు లేచి, చెప్పులు వేసుకుని బయటికి పోయాడు. ఫోర్‌మన్ సాబ్ డైరీ మూసి నా చేతిలో పెట్టారు. ఓటమి సంతకం గుర్తు చేయలేదు. రిక్షా ఎక్కుతూ, "రాసుకునుడు మంచిదే. ఒక్క మాట నోటితోని గూడ చెప్పు బిడ్డా" అన్నారు. పెద్దమ్మ రెండు జొన్నరొట్టెలు మూత పెట్టి వాడి మంచం మీద ఉంచి వెళ్లింది. వాడు ఎప్పుడొచ్చాడో తెలియదు. నోటితో చెప్పాల్సిన మాటను వరసలో పెట్టుకుంటూ నేను నిద్రపోయాను. (ఆ మాటకు మూడు పాఠాలు తయారుచేశాను. కుడి పేజీలో ఉన్నాయి. ఏదీ బాగాలేదు.)

మరునాడు సోమవారం, పొద్దున ఆరున్నరకు మెలకువ వచ్చింది. వాడి మంచం ఖాళీ. రొట్టెలు లేవు. ట్రంకు లేదు. యంత్రం, రేడియో కూడా లేవు. రాతి బండ ఒక్కటే గది మధ్యలో మిగిలింది. యంత్రంలో సగం వాటా వాడిదే, పూర్తిగా తీసుకుపోయాడు. బండ నాకు వదిలాడు, న్యాయమే అనుకున్నాను. లింగంపల్లి నుంచి ఏ బండి ఎన్నింటికో ఎడమ పేజీల్లో రాసి ఉంటుంది, కానీ చూసే ఓపిక లేక లుంగీ మీదే సందులోకి పరుగెత్తాను. నాలుగు అడుగులు వేశానో లేదో ఆడగొంతు వినిపించింది. అదే పాట. స్వచ్ఛంగా, తీగలా సాగుతోంది. అంతలోనే దానికి మీసాలొచ్చాయి.

గిర్నిలో, పిండి దుమ్ములో, ట్రంకు మీద మా యంత్రం తిరుగుతోంది. డెల్టా తల, కనుబొమలు తెల్లగా ఉన్నాయి. ఒక్క రాత్రిలో ముసలివాడైనట్టు. ఒక చేతిలో చారల కాగితం, ఇంకో చేతిలో వాచీ. జొన్నల తట్ట పట్టుకుని పెద్దమ్మ వాడి సైగ కోసం ఎదురుచూస్తోంది.

"ఎక్కడ చచ్చావురా?" అన్నాడు నన్ను చూసి. "శేరు పోస్తే ఎంత దిగుతోంది, రెండు శేర్లకు ఎంత, అంతా లెక్క రాయాలి. నీ డైరీ ఏదీ? ఈసారి అన్నీ ఒకే పేజీలో రాయి."

నేను వాడి మాట వినడం లేదు. ట్రంకు మూత సొట్ట పడినదవడం వల్ల యంత్రం ఒక మూల కిందికి వంగింది. ఆ మూల కింద నాలుగు మడతలు పెట్టిన కాగితం దూర్చి ఉంది. అంచున వాడి గుండ్రటి చేతిరాత కనిపిస్తోంది: "...కావున దయచేసి నన్ను విధుల నుండి..."

"అది ఇయ్యాల ఇచ్చేది గదా" అన్నాను.

"ఎలా ఇస్తాన్రా? తీస్తే యంత్రం వంగుతుంది." చారల కాగితం మీంచి కళ్లు ఎత్తలేదు. "పైగా ఓడిపోయాం. గెలిచి పోతానన్నాను గానీ ఓడి పోతానన్నానా? దీన్ని సరిచేయడానికి ఎంత లేదన్నా మూడు నెలలు పడుతుంది. నువ్వు చుక్కలు గీక్కుండా ఉంటే." తరువాత పెద్దమ్మ వైపు తిరిగి, బజారులో అందరికీ వినబడేంత గట్టిగా అన్నాడు. "పొయ్యండి పెద్దమ్మగారూ!"

"పోస్తున్న తియ్యి, పొయ్యండట పొయ్యండి" అంటూ పెద్దమ్మ జొన్నలు గుమ్మరించింది. బల్బు ఎర్రబడింది. గాయని పెద్దాయన అయింది. నేను మూడు పాఠాల్లో తయారుచేసుకున్న మాటల్లో ఒక్కటీ గుర్తురాలేదు. పరుగెత్తుకుంటూ పోయి డైరీ తెచ్చాను.

(ఆ యంత్రం ఇప్పుడు ఇక్కడే, రాయదుర్గంలో, తన సొంత గుట్టల్లోంచి వచ్చిన బండ మీద కూర్చుని ఉంది. కాగితం ఆ మూల కింద అలాగే ఉంది. ఎవరమూ తీయలేదు. వేగం ఇప్పటికీ సరిపోలేదు.)

తెరిచి కలం పట్టుకున్నాక చిక్కొచ్చింది. ఇది లోకం సంగతా, నా సంగతా? ఎడమ పేజీయా, కుడి పేజీయా? ఎటూ తేలక, జీవితంలో మొదటిసారి, రెండు పేజీల నడుమ కుట్టు మీదుగా రాశాను. మధ్య అక్షరాలు కుట్టులోకి పోయాయి. మొన్న భూతద్దంతో కూడబలుక్కుని చదివాను. అక్కడ ఉన్నది ఒక్క వాక్యం: "పళ్లెం బ్యాలెన్సు ఇంకా కాలేదు."